‘నరం’ అనే మాట, ‘ఎక్కడ?’ అనే ప్రశ్న

తెలుగులో ‘నరం’ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. సెలైన్ ఎక్కించడానికి నర్సు వెతికేది నరమే. పిక్కల మీద నల్లగా మెలికలు తిరిగి ఉబ్బేదీ నరమే. మెడ తిరగకపోతే ‘నరం పట్టేసింది’ అంటారు, నిద్రలో పిక్క బిగుసుకుంటే ‘నరం మీద నరం ఎక్కింది’ అంటారు. వీటిలో మొదటి రెండూ రక్తాన్ని మోసే సిరలు, తర్వాతి రెండూ చాలావరకు కండరాల బాధలు. మెదడు నుంచి వేలి కొసల దాకా కబురు మోసే అసలు తంతువుకు మాత్రం వాడుకలో విడిగా పేరు లేదు. పాఠ్యపుస్తకం దాన్ని ‘నాడి’ అంటుంది గానీ, ఇంట్లో నాడి అంటే మణికట్టు దగ్గర కొట్టుకునేది. ఇక ‘నరాల బలహీనత’ అన్న మాటనైతే గోడల మీది ప్రకటనలు ఎప్పుడో సొంతం చేసుకున్నాయి. ఆ మాటకు అక్కడ ఉన్న అర్థానికీ నాడీమండలానికీ ఏ చుట్టరికమూ లేదు.

ఇది నిఘంటువులో తేలిపోయే తగాదా అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. న్యూరాలజిస్టుకు తెలుగువాళ్లు పెట్టుకున్న పేరు ‘నరాల డాక్టరు’. ఆ పేరు చూసి, కాళ్లలో సిరలు ఉబ్బినవాళ్లు ఆయన గది ముందు గంటలకొద్దీ కూర్చుంటారు. వాళ్లు చూపించుకోవాల్సింది వాస్క్యులర్ సర్జన్‌కు. మరోవైపు, ఫిట్స్ వచ్చే పిల్లను తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తారు. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని పసరు మందు దగ్గరికి చేరుస్తారు. వంట మధ్యలో ఏం వండుతున్నదో మరిచిపోతున్న పెద్దావిడను ‘వయసు మీద పడింది’ అని ఇంట్లోనే ఉంచేస్తారు. వీళ్లలో ఎవరికీ ‘నరాల’ జబ్బు ఉన్నట్టు అనిపించదు మరి. ఆ పేరులో మెదడు లేదు, వెన్నుపాము లేదు.

అసలు ఆ డాక్టరు చూసేది మెదడు, వెన్నుపాము, వాటినుంచి బయలుదేరే నాడులు, నాడి కండరాన్ని ముట్టుకునే కూడలి, చివరికి కండరం. ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు జనరల్ మెడిసిన్‌లోనో పిల్లల వైద్యంలోనో ఎండీ చేసి, ఆపైన ఇంకో మూడేళ్లు డీఎం న్యూరాలజీ చదివితే ఆ బోర్డు పెట్టుకోవచ్చు. ఆయన కత్తి పట్టడు. కణితి తీయడం, నెత్తురు గడ్డ తొలగించడం న్యూరోసర్జన్ పని, ఆ చదువు ఎంసీహెచ్. దిగులు, భయం, భ్రమలు సైకియాట్రిస్టు చూస్తారు. సరిహద్దు గీత గీసినంత నికార్సుగా ఉండదు, అందరూ చూసేది ఒకే మెదడును కనుక.

ఊళ్లో కరెంటు పోయినప్పుడు లైన్‌మన్ ముందుగా అడిగేది ఎందుకు పోయిందని కాదు. మీ ఒక్క ఇంట్లోనేనా, వీధంతానా, ఊరంతానా అని. ఆ జవాబును బట్టి ఇంట్లో ఫ్యూజు చూడాలో, స్తంభం ఎక్కాలో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోవాలో తేల్చుకుంటాడు. న్యూరాలజీ అంతా ఈ పద్ధతి మీదే నడుస్తుంది. ‘ఏం జబ్బు?’ అన్నది రెండో ప్రశ్న. ‘ఎక్కడ చెడింది?’ అన్నది మొదటిది.

మూతి వంకరపోవడాన్ని తీసుకుంటే ఇది తేటగా అర్థమవుతుంది. పొద్దున లేచి పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక పక్కనుంచి కారిపోతాయి, అద్దంలో చూస్తే నవ్వు ఒకవైపే వస్తుంది. ఇల్లంతా గగ్గోలు, పక్షవాతమని. న్యూరాలజిస్టు చేసే మొదటి పని చాలా చిన్నది: కనుబొమలు పైకెత్తి నుదురు ముడతలు పడేలా చేయమంటారు, తర్వాత కళ్లు గట్టిగా మూయమంటారు. నుదుటి కండరాలకు మెదడు రెండు అర్ధభాగాలనుంచీ ఆజ్ఞలు అందుతాయి. కాబట్టి మెదడులో ఒక పక్క దెబ్బతిన్నా నుదురు ముడతలు పడుతుంది, మూతి మాత్రమే వంగుతుంది. చెవి వెనకనుంచి ముఖంలోకి వచ్చే నాడే వాచిపోయి ఉంటే, ఆ పక్క నుదురు కూడా నున్నగా ఉండిపోతుంది, కన్ను మూతపడదు. మొదటిది స్ట్రోక్, అంటే అసలు పక్షవాతం, పరుగెత్తాల్సిన పని. రెండోది బెల్స్ పాల్సీ, చాలామందిలో కొన్ని వారాల్లో కుదుటపడుతుంది. అయితే దానికిచ్చే స్టెరాయిడ్ మాత్రలు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితేనే మేలు ఎక్కువ, మూతపడని కన్ను ఎండిపోకుండా చుక్కలూ వేసుకోవాలి. బెల్స్ పాల్సీకి పసరు వేయించుకుని బాగైనవాళ్ల కథలే పసరు మందుకు ‘పక్షవాతం తగ్గించిన’ పేరు తెచ్చాయనడానికి పెద్దగా సాక్ష్యం వెతకక్కర్లేదు. ఏమీ వేయకపోయినా వాళ్లలో ఎక్కువమంది బాగయ్యేవాళ్లే.

ఆ గదిలో బల్ల మీద కనిపించే రబ్బరు సుత్తి కూడా ‘ఎక్కడ?’ కోసమే. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరడంలో వైద్యార్థం ఉందని 1875లో ఇద్దరు జర్మన్ వైద్యులు, ఎర్బ్, వెస్ట్‌ఫాల్, విడివిడిగా రాశారు. నాడి చెడితే ఆ ఎగరడం తగ్గిపోతుంది. మెదడో వెన్నుపామో చెడితే, పైనుంచి అదుపు తప్పి, ఇంకా జోరుగా ఎగురుతుంది. 1896లో పారిస్‌లో బబిన్స్‌కీ ఇంకో సంగతి గమనించాడు. అరికాలి అంచున గీస్తే పెద్దవాళ్లలో బొటనవేలు కిందికి ముడుచుకోవాలి, అది పైకి లేచిందంటే మెదడునుంచి కిందికి వచ్చే దారి ఎక్కడో దెబ్బతిన్నట్టు. దాదాపు నూటముప్పయ్యేళ్లైనా ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, తాళంచెవి చాలు. ఎమ్మారై ఫిల్ములు సంచీ నిండా తెచ్చి, ‘ముందు ఇవి చూడండి’ అనే రోగి, డాక్టరు తన అరికాలు గీసి చూస్తుంటే విసుగు పడాల్సిన పనిలేదు. ఎక్కడ స్కాన్ తీయాలో తెలియకుండా తీసిన స్కాన్ చాలాసార్లు తప్పు చోట తీసింది అవుతుంది. కాళ్లు బిగుసుకుపోతున్న మనిషికి నడుము ఎమ్మారై తీయిస్తే అందులో వయసుతో వచ్చే డిస్కు అరుగుదల దొరుకుతుంది, జబ్బు మాత్రం మెడలోనే ఉండిపోతుంది.

మెడ అనగానే నల్గొండ, పొదిలి, దర్శి ప్రాంతాలు గుర్తు రావాలి. ఎముకలను పాడుచేసే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి పెద్ద వైద్య నివేదిక 1937లో వచ్చింది, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. పళ్ల మీద గారలు, వంగిన నడుములు అందరికీ తెలిసినవే. అంతగా తెలియనిది ఏమిటంటే, ఏళ్లతరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో వెన్నెముక దళసరై, లోపలి గొట్టం ఇరుకై, వెన్నుపామును నొక్కేస్తుంది. కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, నడక చేతికర్ర మీదికీ, తర్వాత మంచం మీదికీ చేరుతుంది. చూడ్డానికి కీళ్లవాతం, చెడింది వెన్నుపాము. సుత్తితో మోకాలి మీద తడితే ఆ తేడా అక్కడికక్కడే బయటపడుతుంది.

వెన్నుపాము దాటి కిందికి వస్తే నాడులు. ఇక్కడ రోగి నోటినుంచి వచ్చే మాటే పరీక్షలన్నిటికన్నా ముందు నిలుస్తుంది: ‘నడుస్తుంటే చెప్పు ఎప్పుడు జారిపోతుందో తెలియడం లేదండీ’. అరికాలి స్పర్శ పోతున్నదనడానికి ఇంతకన్నా చక్కటి వర్ణన ఏ పుస్తకంలోనూ దొరకదు. కారణాల్లో మొదట చూడాల్సింది షుగరు. తర్వాత బీ12 లోపం. గుడ్డు, మాంసం ముట్టనివాళ్లలో, పాలు కూడా పలచనైన ఇళ్లలో, షుగరుకు ఏళ్లతరబడి మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకునేవాళ్లలో ఇది కనిపిస్తుంది. అది నాడులతో ఆగక వెన్నుపాము వెనకభాగాన్నీ తింటుంది, అప్పుడు చీకట్లో, కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడు మనిషి తూలిపోతాడు. ఇంజెక్షన్లతో సరిచేయగలిగిన జబ్బు ఇది, ఆలస్యం కాకపోతే. చర్మం మీద స్పర్శ లేని మచ్చతోపాటు వేళ్లు వంకరపోతుంటే కుష్ఠును మరవకూడదు. దాన్ని చర్మవ్యాధుల లెక్కలో వేసినా, అది పాడుచేసేది నాడులనే.

నాడి చివర కండరాన్ని తాకే కూడలి మీద దెబ్బ కొట్టేది మన పొలాల్లోనే ఉంది. కట్లపాము. నేలమీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది. కాటు నొప్పి పుట్టదు, గాటు సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం. ఆస్పత్రికి చేరేసరికి కదలిక లేక, కన్ను తెరవక, చనిపోయినట్టే ఉంటారు. కానీ మెదడుకు ఏమీ కాలేదు, చుట్టూ ఏడుస్తున్నవాళ్ల మాటలు వాళ్లకు వినిపిస్తూనే ఉండొచ్చు. విషానికి విరుగుడు ఇచ్చి, వెంటిలేటర్ మీద కొన్ని రోజులు ఊపిరి నిలబెడితే లేచి నడిచి వెళ్తారు. ‘బ్రెయిన్ పోయింది’ అనేముందు ఎక్కడ చెడిందో చూడటం ఎంత అవసరమో ఇంతకన్నా బలంగా చెప్పే ఉదాహరణ లేదు. ఇదే కూడలిని సొంత రోగనిరోధక శక్తే దెబ్బతీసే జబ్బు మయస్థీనియా. పొద్దున మామూలుగా ఉన్న రెప్పలు సాయంత్రానికి వాలిపోతాయి.

చోటు తేలాక రెండో కొలత కాలం. ఉన్నట్టుండి క్షణాల్లో వస్తే రక్తనాళమో, మెదడులో విద్యుత్తు గందరగోళమో. రోజుల్లో పెరిగితే వాపో, ఇన్ఫెక్షనో. నెలల్లో అయితే కణితిని అనుమానించాలి. ఏళ్లలో అయితే కణాలు నెమ్మదిగా అరిగిపోయే జబ్బులు. 2025 జనవరిలో పుణెలో ఒక్కసారిగా పెరిగి వార్తల్లోకెక్కిన గిలాన్ బారే సిండ్రోమ్ రోజుల లెక్కలోది. విరేచనాలో జ్వరమో తగ్గిన వారం పదిరోజులకు పాదాల్లో తిమ్మిరి, తర్వాత కాళ్లు, చేతులు, చివరికి ఊపిరి కండరాలు. కింది నుంచి పైకి పాకే ఈ నీరసాన్ని ‘జ్వరం నీరసం’ అనుకుని గ్లూకోజు పెట్టించుకుంటూ కూర్చుంటే ఊపిరి దగ్గరికి వచ్చాక గానీ తెలియదు. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు, ప్లాస్మా మార్పిడి రెండూ దాదాపు సమానంగా పనిచేస్తాయి. ఇంజెక్షన్ల ఖర్చు భరించలేనివాళ్లకు ఈ సంగతి తెలియడం అవసరం.

కాలం అత్యంత నిర్దయగా ఉండేది స్ట్రోక్ విషయంలో. ‘పక్షవాతం’ అనే మాట ఇక్కడ మళ్లీ అడ్డం వస్తుంది. ఒక పక్షాన వాతం చేరిందన్న ఆ పేరు, లోపాన్ని చేతిలో, కాలిలో పెట్టేస్తుంది. అందుకే చేతికీ కాలికీ నూనె మర్దనాలు, కొన్నిచోట్ల పావురం రక్తం పూయడం. చేయి చెడలేదు. చేతిని నడిపే మెదడు ముక్కకు నెత్తురు ఆగింది. శరీరం బరువులో మెదడు నూటికి రెండు వంతులే, కానీ ప్రాణవాయువులో అయిదో వంతు అదే వాడుకుంటుంది, నిలవ పెట్టుకోదు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో ఒక లెక్క కట్టారు.

ఎక్కువ స్ట్రోకులు గడ్డ అడ్డుపడటం వల్ల, మిగతావి నాళం చిట్లడం వల్ల. బయటినుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి, చికిత్స మాత్రం ఒకదానికొకటి ఎదురు. గడ్డ కరిగించే మందు రక్తస్రావం ఉన్నవాడికి ఇస్తే ప్రాణం పోతుంది. ఆ తేడా చెప్పేది సీటీ స్కాన్. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ నోట్లో వేయడం తప్పు అనేది అందుకే. పైగా మింగే కండరాలు కూడా పడిపోయి ఉంటే మాత్ర, నీళ్లు, కాఫీ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ మూడు గంటల్లోపు ఇస్తే మేలని 1995లో అమెరికా పరిశోధన తేల్చింది, ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది 2008లో. 2015లో వరసగా వచ్చిన అయిదు పరిశోధనలు ఇంకో తలుపు తెరిచాయి: తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి గొట్టం మెదడు దాకా పంపి, పెద్ద గడ్డను లాగేయడం. ఎంపిక చేసిన కొందరిలో ఇది 24 గంటల వరకూ పనికొస్తుంది. అందరిలో కాదు.

కాబట్టి క్యాజువాలిటీలో న్యూరాలజిస్టు అడిగే మొదటి మాట బీపీ గురించి కాదు, ‘చివరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు?’ అని. రాత్రి పదింటికి పడుకుని, పొద్దున ఆరింటికి చెయ్యి పడిపోయి లేచినవాడికి గడియారం ఆరునుంచి కాదు, పదినుంచి లెక్క. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషే రోగితో ఆంబులెన్స్ ఎక్కాలి. డబ్బు తెచ్చే బావగారు వెనకాల రావచ్చు. ఇక పది నిమిషాలు మాట తడబడి మళ్లీ మామూలైపోయిందంటే సంతోషించి ఊరుకోవడం కన్నా పొరపాటు లేదు. అలాంటి చిన్న స్ట్రోకు తర్వాత పెద్దది వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ.

ధమని కాక సిర మూసుకుపోయే స్ట్రోకు ఒకటుంది, దాని కథలో హైదరాబాదుకు చోటుంది. మెదడునుంచి చెడు రక్తం వెనక్కి పోయే దారుల్లో గడ్డ కడితే తలనొప్పి, వాంతులు, ఫిట్స్, తర్వాత చెయ్యీకాలూ పడిపోవడం. మన దేశంలో ఇది చాలాకాలం బాలింతల జబ్బుగా పేరుపడింది. కాన్పు తర్వాత రక్తం గడ్డకట్టే స్వభావం సహజంగానే పెరుగుతుంది, దానికి ‘బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదు’ అన్న పథ్యం తోడైతే ఒంట్లో నీరు తగ్గి రక్తం ఇంకా చిక్కబడుతుంది. తలనొప్పి అంటే ‘చల్లగాలి తగిలింది, చెవుల్లో దూది పెట్టుకో’ అనే జవాబు వస్తుంది. 2012లో హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రి వైద్యులు 428 మంది ఇలాంటి రోగుల వివరాలు ప్రచురించారు. వాళ్లలో సగానికి పైగా మగవాళ్లే. బాలింతల జబ్బన్న పేరు ఆ లెక్కతో కదిలిపోయింది. మద్యం, రక్తహీనత, గర్భనిరోధక మాత్రలు వంటి కారణాలు పక్కకు వచ్చి నిలబడ్డాయి. దీని చికిత్స వినడానికి వింతగా ఉంటుంది. మెదడులో కొద్దిగా రక్తం చిమ్మి కనిపిస్తున్నా, రక్తాన్ని పలచబరిచే హెపారిన్ ఇస్తారు. పోయే దారి తెరుచుకుంటే తప్ప ఆ చిమ్మడం ఆగదు కనుక.

‘మూర్ఛ’ మరో చిక్కుమాట. ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయినా మూర్ఛపోయిందంటారు, ఫిట్స్ వచ్చినా మూర్ఛ రోగమంటారు. మొదటిది సొమ్మసిల్లడం, మెదడుకు కాసేపు రక్తం తగ్గడం. రెండోది మెదడు కణాలు కట్టుతప్పి ఒక్కసారిగా విద్యుత్తు వెదజల్లడం. రెండిటికీ తేడా చెప్పేది యంత్రం కాదు, చూసినవాళ్లు చెప్పే కథ. పడబోయేముందు చెమట పట్టి, చూపు మసకబారి, నేలకు చేరగానే అర నిమిషంలో ‘ఏమైంది?’ అని లేచి కూర్చుంటే సొమ్మసిల్లినట్టు. నాలుక పక్కన కొరుక్కుని, తెలివి వచ్చాక కూడా పావుగంట అయోమయంగా చూస్తుంటే ఫిట్స్. మెదడులోని విద్యుత్తును నమోదుచేసే ఈఈజీ పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు. ఆ అరగంటలో మెదడు బుద్ధిగా ఉందని మాత్రమే. జేబులో ఫోను ఉన్న ఈ కాలంలో, ఫిట్స్ వస్తున్నప్పుడు తీసిన వీడియో డాక్టరుకు ఎంత పనికొస్తుందో చెప్పనలవి కాదు.

ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో తాళాల గుత్తి పెట్టే అలవాటు ఇన్ని తరాలుగా ఎందుకు నిలిచింది? చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ సమయం అయిపోతుంది, పేరు ఇనుముకు దక్కుతుంది. ఇనుము వల్ల నష్టం లేదు గానీ, నోట్లో చెంచా దూర్చడం వల్ల పళ్లు విరుగుతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆస్పత్రికి పోవాలి. 1912నాటి ఫినోబార్బిటాల్, 1938నాటి ఫెనిటోయిన్ ఇంకా వాడుకలోనే ఉన్నాయి, చవక కూడా. సరిగా మందులు వాడితే పది మందిలో ఏడుగురిదాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. డాక్టరును అడక్కుండా మందు ఆపేయడమే ఎక్కువమందిని మళ్లీ ఆస్పత్రికి తెస్తుంది. అమావాస్య కాదు.

మన ప్రాంతపు ఫిట్స్‌లో రెండు రకాలు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. ఒకటి తలంటుతో వచ్చేది. మరుగుతున్నంత వేడినీళ్లు చెంబులకొద్దీ గబగబా తల మీద గుమ్మరించుకుంటుంటే మధ్యలో మాట ఆగి, చూపు నిలిచిపోతుంది. దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, దీన్ని ఎక్కువగా గుర్తించారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో విస్తృతంగా అధ్యయనం చేశారు. చాలామందికి గోరువెచ్చని నీళ్లకు మారడమే సగం వైద్యం, కొందరికి స్నానానికి ముందు ఒక మాత్ర. రెండోది పంది బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే న్యూరోసిస్టిసర్కోసిస్. ‘మేం మాంసమే ముట్టం, మాకెలా వస్తుంది?’ అని ఈ జబ్బు పేరు చెప్పగానే చాలా ఇళ్లలో అడుగుతారు. మాంసంతో వచ్చేది పేగుల్లో పెరిగే పురుగు. మెదడుకు చేరేది దాని గుడ్డు. ఆ గుడ్లు మనిషి మలంలోంచి మట్టికీ, నీళ్లకూ, కడగని కొత్తిమీరకూ, వంటవాళ్ల చేతులకూ చేరతాయి. స్కాన్‌లో ఒక్కటే చిన్న ఉంగరంలా కనిపించే మచ్చ ఉంటే, అది క్షయ గడ్డా, పురుగు తిత్తా అన్న ప్రశ్న మీద వెల్లూరు సీఎంసీలో ఏళ్లతరబడి పనిచేశారు. వాటిలో ఎక్కువ భాగం నెలల్లో కరిగిపోయేవేనని తేలాక, తొందరపడి తల తెరవడం, ఊహ మీద క్షయ మందులు మొదలుపెట్టడం తగ్గాయి.

ఫిట్స్ సంగతి దాచి పెళ్లి చేయడం ఇంకా ఉంది, మందులు దాచుకుని మింగే కోడళ్లూ ఉన్నారు. 1955నాటి హిందూ వివాహ చట్టంలో కూడా 1976 సవరణతో ఈ జబ్బును పిచ్చితో జతకట్టి పెళ్లికి అడ్డంకుల్లో చేర్చారు. 1999లో సవరణతో ఆ మాట తీసేశారు. చట్టం మారిన సంగతి పెళ్లిచూపుల దాకా ఇంకా చేరలేదు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ముందే డాక్టరుకు చెప్పడం మాత్రం తప్పనిసరి. వాల్ప్రోయేట్ వంటి మందు కడుపులో బిడ్డకు హాని చేస్తుంది, దాన్ని ముందుగానే మార్చాలి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి.

తలనొప్పి గురించి ఎంత చెప్పినా తరగదు, కాబట్టి రెండు మాటలు. మనవాళ్లు ‘సైనస్’ అని పిలుచుకునే తలనొప్పుల్లో చాలావరకు మైగ్రేనే, పాత పేరు పార్శ్వపు నొప్పి. మందుల షాపులో కొనుక్కుని నెలకు పది పదిహేను రోజులు నొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. పిడుగు పడ్డట్టు ఒక్క క్షణంలో జీవితంలో ఎన్నడూ లేనంత నొప్పి వస్తే మాత్రం అది అమృతాంజనంతో పోయేది కాదు, మెదడు రక్తనాళం చిట్లిందేమో అదే రోజు చూడాలి.

‘ఎక్కడ?’ అన్న ప్రశ్నకు పెద్ద పెద్దవాళ్లే ఏకాభిప్రాయానికి రాలేని సందర్భాలూ ఉంటాయి. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కరీంనగర్, వరంగల్ వంటి జిల్లాల్లో పిల్లలు జ్వరంతో పడి, ఫిట్స్ వచ్చి, గంటల్లో కోమాలోకి పోయారు. 329 మంది జబ్బుపడితే 183 మంది చనిపోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ చండీపురా వైరస్ వల్ల వచ్చిన మెదడువాపు అంది. అది 1965లో మహారాష్ట్రలోని చండీపురా గ్రామంలో తొలిసారి దొరికిన వైరస్. హైదరాబాదులో ఆ పిల్లలను మంచం పక్కన నిలబడి చూసిన వైద్యులు కొందరు మాత్రం ఒప్పుకోలేదు. ఇంత హఠాత్తుగా ఒక పక్క పడిపోతున్నారంటే ఇది మెదడంతా వాచినట్టు లేదు, ధమని మూసుకున్నట్టుంది అన్నారు, ‘బ్రెయిన్ ఎటాక్’ అని పేరు పెట్టారు. వైరస్ ఉందా లేదా అన్నది ల్యాబు తేలుస్తుంది. అది మెదడులో ఏం చేసిందన్నది ఆ పసివాడి చేతులూ కాళ్లూ ఏ వరసలో ఆగిపోయాయో చూసినవాళ్లు చెప్పాలి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఒక్కసారిగా ఫిట్స్‌తో, వాంతులతో పడిపోయినప్పుడు కూడా ఇలాగే జరిగింది. ఎయిమ్స్ పరీక్షించిన రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మీదికీ వేలు తిరిగింది. ఇన్ని వయసుల వాళ్లకు, ఇన్ని వీధుల్లో, జ్వరం లేకుండా ఒకేసారి ఫిట్స్ వచ్చాయంటే అది అంటురోగం కాకపోవచ్చన్నది రక్తం ఫలితాలు రాకముందే అడగదగ్గ ప్రశ్న.

ఏళ్ల లెక్కలో నడిచే జబ్బుల్లో జనానికి ఎక్కువ తెలిసింది పార్కిన్సన్స్. వణుకు ఉన్న ప్రతివాళ్లదీ అది కాదు. టీ కప్పు పట్టుకున్నప్పుడు వణికే చెయ్యి చాలావరకు వేరే రకం. పార్కిన్సన్స్ చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు వణుకుతుంది, అదీ ఒక పక్కే మొదలవుతుంది. అంతకన్నా ముందే సంతకం చిన్నదైపోవడం, వాసనలు తెలియకపోవడం, భుజం పట్టేయడం ఉంటాయి. ఆ భుజానికి ఫిజియోథెరపీ చేయించుకుంటూ ఏడాది గడిపేవాళ్లున్నారు. దీనికి ప్రధానమైన మందు లెవోడోపా, 1960లలో వాడుకలోకి వచ్చింది. అదే పదార్థం మన చేలగట్ల మీద తాకితే దురదపెట్టే దూలగొండి గింజల్లో ఉందని 1937లోనే భారతీయ రసాయన శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపారు, ఆయుర్వేదం కంపవాతానికి దాన్ని వాడుతూనే వచ్చింది. ఇది గొప్పగా చెప్పుకోదగ్గ విషయమే గానీ, గింజకూ గింజకూ మోతాదు మారే పొడిని మాత్రతో కలిపి మింగడం గొప్ప కాదు. లెవోడోపాను పప్పు, మాంసం దండిగా ఉన్న భోజనంతో కలిపి వేసుకుంటే సరిగా ఎక్కదన్న చిన్న సంగతి చెప్పకపోవడం వల్ల ‘మందు పనిచేయడం లేదు’ అనేవాళ్లూ తక్కువేం కాదు.

మతిమరుపులో అన్నీ ఆల్జీమర్స్ కావు. బీ12, థైరాయిడ్, నెల కిందట బాత్రూంలో జారిపడితే పుర్రె కింద మెల్లగా చేరిన నెత్తురు, ఇవన్నీ సరిచేయగలిగినవే. ముసలితనం ఖాతాలో రాసేముందు ఒకసారి చూడాలి.

న్యూరాలజిస్టుల మీద పాత ఎత్తిపొడుపు ఒకటి ఉంది, పేరు గొప్పగా పెడతారు, మందు మాత్రం ఉండదని. స్ట్రోక్, మల్టిపుల్ స్క్లెరోసిస్ (సొంత రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాముల్లో నాడీతంతువుల పైపొరను దెబ్బతీసే జబ్బు), మైగ్రేన్ విషయంలో ఈ మాటకు ఇప్పుడు కాలం చెల్లింది. కండరాలను కదిలించే నాడీకణాలు చచ్చిపోయే మోటార్ న్యూరాన్ జబ్బు దగ్గర ఇంకా మిగిలే ఉంది. చేతి కండ కరిగిపోతూ, నాలుక సన్నగా అదురుతూ, మాట ముద్దవుతూ, చివరికి ఊపిరి కండరాలు. అందులో ఎక్కువగా కనిపించే రకమైన ఏఎల్ఎస్ అయితే చాలామందికి మూడునుంచి అయిదేళ్లు. 1995లో వచ్చిన రైలుజోల్ ఆ గడువును కొన్ని నెలలు జరుపుతుందంతే. అక్కడ డాక్టరు పని మందు రాయడం కన్నా, మింగలేనప్పుడు పొట్టలోకి గొట్టం పెట్టించుకోవాలా, రాత్రిళ్లు ఊపిరి యంత్రం వాడాలా అన్న మాటలు ఆ ఇంట్లోవాళ్లతో సమయం ఉండగానే మాట్లాడటం.

అయితే చేతి కండ కరిగిన ప్రతివాళ్లకూ ఆ తీర్పు వర్తించదు. జపాన్‌లో 1959లో హిరయామా వర్ణించిన ఒక జబ్బు యువకుల్లో ఒక చేతిలో మొదలై, కొన్నేళ్లు ముదిరి, ఆగిపోతుంది. దాని పోలికలే ఉన్న రోగులను 1984లో బెంగళూరు వైద్యులు మన దేశంలో వర్ణించారు. ఇంకోటి అచ్చంగా దక్షిణాదిది, 1970లో మద్రాసు వైద్యులు రాసిన ‘మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్’. తమిళనాడు, కర్ణాటక, కేరళలతోపాటు ఆంధ్ర ప్రాంతంలోనూ కనిపించింది. చిన్న వయసులో మొదలవుతుంది, చేతులు చిక్కిపోతాయి, ముఖం, మింగుడు బలహీనపడతాయి, కానీ నత్తనడకన సాగుతుంది. దశాబ్దాలు బతుకుతారు. ఏఎల్ఎస్ నుంచి దాన్ని వేరుచేసే గుర్తుల్లో ఒకటి, అందులో వినికిడి కూడా తగ్గడం. ఎముకలు తేలిన చేతులతో ఎదురుగా కూర్చున్న ఇరవయ్యేళ్ల కుర్రాణ్ని న్యూరాలజిస్టు ‘చెవులు సరిగా వినపడుతున్నాయా బాబూ?’ అని అడుగుతారు. చేతులు చూపిద్దామని వచ్చిన తల్లికి ఆ ప్రశ్న సంబంధం లేనిదిలా అనిపిస్తుంది.